పేరు అడగని సర్వే

2023 నవంబరు రెండో వారంలో మా కంపెనీ ఈమెయిల్‌కు ఒక లింకు వచ్చింది. "మీ మాట మాకు ముఖ్యం" అన్న శీర్షిక కింద, ఇది పూర్తిగా అజ్ఞాత సర్వే అనీ, పేరు గానీ ఉద్యోగి సంఖ్య గానీ అడగబోమనీ, పదిహేను నిమిషాలు కేటాయిస్తే చాలుననీ రాసి ఉంది. ఆ డిజిటల్ వార్తా సంస్థ శ్రీకాకుళం డెస్కులో సీనియర్ సబ్ ఎడిటర్‌గా నాకు అది నాలుగో ఏడు. పదిహేను నిమిషాలన్న ఆ పని నా విషయంలో ఐదు నెలలు సాగింది. చిన్న ఊళ్లలోని చిన్న డెస్కులకు ఇలాంటి లింకులు ఈమధ్య తరచుగా వస్తున్నాయి కనుక, నాకు జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలికి దగ్గరలో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉత్తరాంధ్ర డెస్కు నడిపేవారు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల వార్తలు వెబ్‌సైటుకు రాయడం, వాటికి చిన్న వీడియోలు తయారుచేసి యూట్యూబుకు ఎక్కించడం మా పని. మొత్తం ఏడుగురం. నేనూ, ముప్పయ్యేళ్లు పత్రికల్లో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయనా, రెండో షిఫ్టు చూసే కుర్ర సబ్ ఎడిటరూ, వీడియో ఎడిటరూ జీతాల పట్టికలో ఉన్న ఉద్యోగులం. మాకు భవిష్య నిధి ఉంది, ఏడాదికి ఇన్నని సెలవులున్నాయి. పలాస, విజయనగరం, ఇచ్ఛాపురం నుంచి వార్తలు పంపే ముగ్గురు విలేకరులు మాత్రం కాగితం మీద "కన్సల్టెంట్లు". నెలాఖరున వాళ్లే బిల్లు పెట్టుకోవాలి. కంపెనీ అందులో పది శాతం ఆదాయపు పన్ను కింద పట్టుకుని మిగిలింది ఖాతాలో వేస్తుంది. భవిష్య నిధి లేదు, సెలవు లేదు, జ్వరంతో మూడు రోజులు పడుకుంటే ఆ మూడు రోజుల డబ్బూ లేదు. అచ్చయిన వరుసలు లెక్కగట్టి విలేకరికి డబ్బిచ్చే పత్రికల లైన్ ఎకౌంటుకే ఇక్కడ కొత్త పేరు పెట్టారని మా పెద్దాయన అనేవారు.

సర్వే లింకు ఆ ముగ్గురికీ రాలేదు. సంస్థ పని సంస్కృతి మీద అభిప్రాయం అడిగినప్పుడు, వార్త పుట్టిన చోట నిలబడే ముగ్గురినీ వదిలేసి, గదిలో కూర్చుని ఆ వార్తను దిద్దే నలుగురినే అడిగారన్న సంగతి మొదటి రోజు నాకూ తట్టలేదు. ఇచ్ఛాపురం విలేకరి ఏదో పని మీద ఫోను చేసి, మాటల్లో ఈ విషయం తెలిసి, "అయితే మేం కంపినీ మనుషులం కాదేటి మేడమ్?" అన్నప్పుడు తట్టింది. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ నాకు జవాబు దొరకలేదు.

మా నియామక పత్రాల్లో కూడా ఎక్కడా జర్నలిస్టు అన్న మాట లేదు. నేను "కంటెంట్ లీడ్", కుర్రవాడు "కంటెంట్ ఎగ్జిక్యూటివ్". 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికా సంస్థల్లో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది. దాని ప్రకారం జర్నలిస్టును తొలగించాలంటే మూడు నెలల ముందు, ఎడిటర్‌నైతే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాల్సి ఉండేది. మా పత్రాల్లో ఆ గడువు ముప్పై రోజులు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లో వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలోకి డిజిటల్ మీడియా కూడా చేరిందని పెద్దాయన ఒక పత్రిక కత్తిరింపును సొరుగులో దాచుకుని అప్పుడప్పుడు చూపించేవారు. ఆ కోడ్ అమలులోకి రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. అప్పటికి ఆయన ఉద్యోగ విరమణ కూడా అయిపోయింది.

ఇక పని తీరు. మొదటి షిఫ్టు ఉదయం ఆరు నుంచి రెండు, రెండోది అక్కడి నుంచి రాత్రి పది వరకు. షిఫ్టుకు ఒక్కొక్కరు పన్నెండు ఐటెంలు ఇవ్వాలి. గోడకున్న టీవీలో, ఆ నిమిషంలో ఎంతమంది ఏ వార్త చదువుతున్నారో అంకెలు కదులుతూ ఉండేవి. ప్రతి సోమవారం ఉదయం పది గంటలకు జూమ్ సమావేశంలో జిల్లాల కంటెంట్ మేనేజర్ డెస్కులవారీగా ర్యాంకులు చదివేవారు. మాది ఎప్పుడూ చివరి మూడింటిలో ఉండేది. ఆ ఏడాది వేసవిలో ఇచ్ఛాపురం విలేకరి నాలుగు రోజులు కవిటి, సోంపేట ఊళ్లు తిరిగి, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తెస్తున్న తాగునీటి గురించి, మూత్రపిండాల జబ్బుతో ఉన్నవారి ఇళ్లలో కుండల్లో ఏ నీళ్లున్నాయో చూసి ఒక కథనం పంపారు. దాన్ని వెయ్యిమంది కూడా చదవలేదు. అదే రోజు మా కుర్రవాడు పది నిమిషాల్లో రాసిన ఒక సినీ దంపతుల పుకారును ఎనభై వేల మంది చదివారు. సోమవారం నాడు మేనేజరు ఆ రెండు అంకెలనూ పక్కపక్కన చూపించి, మా డెస్కు పాఠకుల నాడి పట్టడం లేదన్నారు. ఈ ముచ్చటకు కొసరు ఒకటుంది. డిసెంబరు 14న పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైన రోజు, తెల్లవారుజామునే ఆయనే ఫోను చేసి, "మీ దగ్గర ఉద్దానం మీద పాత కాపీ ఏదో ఉండాలి కదా, జనం వెతుకుతున్నారు, పైకి తీసుకురండి" అన్నారు. తీసుకొచ్చాం. ఆ వారం మా ర్యాంకు రెండు. విలేకరికి అదనంగా ఏమీ రాలేదు, ఎందుకంటే ఆయన బిల్లు వేసవిలోనే చెల్లిపోయింది.

యాజమాన్యాన్ని ఒక్క రంగులో చూపించడం నా ఉద్దేశం కాదు. మా నలుగురిలోనే నాలుగు అభిప్రాయాలుండేవి. వీడియో ఎడిటరుకు ఆ సంస్థ అంటే ప్రాణం. పెళ్లి వీడియోలు కత్తిరించుకునే కుర్రవాడికి మంచి కంప్యూటరు ఇచ్చి, హైదరాబాదు పిలిపించి రెండు వారాలు శిక్షణ ఇప్పించింది. పెద్దాయనకు ర్యాంకుల సమావేశం పెద్ద బాధగా అనిపించేది కాదు. పత్రికలో ఉన్నప్పుడు ఏడాదికోసారి ప్రకటనల టార్గెట్ కోసం ఊళ్లో ప్రతి దుకాణం మెట్లూ ఎక్కిన తనకు, ఎవరు చదివారో అంకె చూపించి తిట్టడమే నయమనిపిస్తుందనేవారు. కుర్ర సబ్ ఎడిటరు ఏడాదిలో వెళ్లిపోదామన్న ఆలోచనలోనే ఉన్నాడు కనుక దేనికీ పట్టించుకునేవాడు కాదు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ర్యాంకు కాదు, జీతం కూడా కాదు. మేం ఏం చూశామో చెప్పాక, దూరంగా కూర్చున్నవారు దాన్ని మార్చేయడం, మార్చినట్టు మాకు చెప్పకపోవడం.

భాష విషయంలోనూ అదే. ఊళ్లో మనిషి "బేగి రమ్మన్నా రాలేదు బావూ" అన్న మాటను కొటేషన్లో అలాగే ఉంచి పంపితే, హైదరాబాదు డెస్కు "త్వరగా రమ్మని కోరినా రాలేదు" అని దిద్దేది. ఒక సోమవారం పలాస విలేకరి జూమ్‌లో "బేగి పంపించీస్తాం సార్" అంటే అవతల ఎవరో మైకు మూయడం మరచి "బేగి బేగి" అంటూ నవ్వారు. అది ఆగస్టు ఆఖరి వారం. ఆ మర్నాడే తెలుగు భాషా దినోత్సవం పేరుతో గిడుగు రామమూర్తి గారి బొమ్మతో ఒక కార్డు చేసి అన్ని ఖాతాల్లోనూ పెట్టమని ఆదేశం వచ్చింది. జనం మాట్లాడే భాషే రాయాలని పోరాడిన ఆ మనిషి 1863లో పుట్టింది మా జిల్లాలోనే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. కార్డు చేసినవాడు మా వీడియో ఎడిటరే. చేస్తూ చేస్తూ నా వైపు చూసి నవ్వాడు, నేనూ నవ్వాను.

అక్టోబరు 29, ఆదివారం. విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో విశాఖపట్నం నుంచి పలాస వెళ్లే ప్యాసింజరును వెనక నుంచి రాయగడ ప్యాసింజరు గుద్దింది. పలాస బండి అంటే మా జిల్లా బండి. విశాఖలో ఉద్యోగాలూ చదువులూ ఉన్నవాళ్లు ఆదివారాలు ఎక్కేది దాన్నే. ఆమదాలవలస, తిలారు, నౌపడ, ఏ స్టేషనులో అడిగినా ఆ రాత్రి ఎవరో ఒకరు ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉన్నారు. నా షిఫ్టు కాదు, అయినా ఎనిమిదికల్లా డెస్కుకు చేరాను. విజయనగరం విలేకరి బండి దొరక్క లారీ ఆపి ఎక్కి వెళ్లాడు. చీకట్లో అక్కడ నిలబడి ఫోనులో చెబుతున్నాడు, నేను రాస్తున్నాను.

మృతుల సంఖ్య ఒక్కొక్క చానలులో ఒక్కొక్కటిగా నడుస్తోంది. రైల్వే అధికారులో జిల్లా అధికారులో చెప్పిన సంఖ్యే శీర్షికలో పెడదామని నేను అనుకుని, అలాగే పెట్టాను. తొమ్మిదిన్నరకు మేనేజరు నుంచి వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. ఫలానా చానలు మన కన్నా పెద్ద అంకె చూపిస్తోందని, మనం వెనకబడుతున్నామని, సంఖ్య పెంచమని. నేను ఆధారం అడిగాను. జవాబు రాలేదు గానీ, పావుగంటలో నా కాపీ శీర్షిక హైదరాబాదులోనే మారిపోయింది. పది గంటలకు పుష్ నోటిఫికేషన్ కూడా అదే అంకెతో వెళ్లింది. ఆ తర్వాత బాధితుల ఇళ్లకు ఫోను చేసి ఏడుపు రికార్డు చేయమన్నారు. విజయనగరం విలేకరి చేయనన్నాడు. పోటీ చానళ్లన్నీ ఆ రాత్రి అదే పని చేస్తున్నాయి కనుక అతని మాట మొండితనంగానే కనిపించి ఉంటుంది. చివరికి ఆ ప్రమాదంలో చనిపోయినవారు 14 మంది అని తేలింది. మేము పెట్టిన పెద్ద అంకెను తర్వాత నిశ్శబ్దంగా సరిచేశారు. సరిచేసినట్టు పేజీలో ఎక్కడా రాయలేదు. సోమవారం సమావేశంలో మా డెస్కుకు మొదటి ర్యాంకు వచ్చిందని అభినందనలు చెప్పారు. నాలుగేళ్లలో మాకు మొదటి ర్యాంకు రావడం అదే తొలిసారి. మాలో ఎవరమూ థాంక్యూ అనలేదు.

సర్వే వచ్చింది దీని తర్వాత రెండు వారాలకు.

నలభై రెండు ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులో. తెలుగులో వార్తలు అమ్ముకునే సంస్థ తన మనుషుల మనసు తెలుసుకోవడానికి ఇంగ్లీషును ఎంచుకుంది. ప్రతి ప్రశ్నకూ పూర్తిగా ఏకీభవిస్తాను నుంచి అసలు ఏకీభవించను దాకా ఐదు గడులు. "నా మేనేజర్ నన్ను ఒక మనిషిగా పట్టించుకుంటారు" అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. వీడియో ఎడిటరు నా దగ్గరికి వచ్చి, "అక్కా, దీనికేటి పెట్టాలి? మనిషిగా కాక ఇంకెలా పట్టించుకుంతారు?" అని అడిగాడు. నేను అర్థం చెప్పాను. కాసేపాగి, "నానైతే అన్నిటికీ మజ్జినున్నదే పెట్టీసినాను" అన్నాడు. ఎటూ కాని మధ్య గడి కొడితే ఎవరికీ కోపం రాదని అతని లెక్క. ఆ లెక్క అతనొక్కడిదే కాదని నాకు తర్వాత తెలిసింది.

అసలు చిక్కు ప్రశ్నల్లో లేదు, మొదటి పేజీలో ఉంది. పేరు అడగలేదు నిజమే. కానీ పనిచేసే చోటు, విభాగం, స్త్రీయా పురుషుడా, ఎన్నేళ్ల సర్వీసు అన్న నాలుగూ తప్పనిసరిగా నింపితే గానీ రెండో పేజీ తెరుచుకోదు. హైదరాబాదు కార్యాలయంలో ఒక్కో అంతస్తులో వందమంది ఉంటారు, అక్కడ ఈ నాలుగు వివరాలతో ఎవరినీ పట్టుకోలేరు. శ్రీకాకుళంలో జీతాల పట్టికలో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. "శ్రీకాకుళం", "స్త్రీ" అని రెండు గడులు నింపగానే నా ఫొటో అంటించినట్టే. అది గ్రహించాను. గ్రహించి కూడా నింపాను. చివర ఉన్న "మీ వ్యాఖ్యలు" పెట్టెలో తెలుగులో రాశాను. ఆధారం లేని సంఖ్యను శీర్షికలో పెట్టడం ఎవరి నిర్ణయమో, ఎందుకో డెస్కుకు చెప్పాలని. తప్పు దిద్దినప్పుడు ఆ సంగతి పాఠకులకు తెలిసేలా పేజీలో రాయాలని. శవాల లెక్కలో పోటీ పడమని అడిగే ముందు, ఆ శవాలు మా ఊరివన్న సంగతి గుర్తుంచుకోవాలని. ఆ మూడో వాక్యం కోపంలో రాసింది. ఇప్పుడైతే మరో విధంగా రాస్తాను. వెనక్కి మాత్రం తీసుకోను.

డిసెంబరు మొదటి వారంలో మేనేజరు ఫోను చేశారు. ఏదో ఐటెం గురించి మాట్లాడి, పెట్టేసే ముందు, "శవాల లెక్కలో పోటీ... శీర్షిక బాగా పెట్టారు మేడమ్, ఇలాంటివి సైటులో పెడితే ర్యాంకు వస్తుంది" అన్నారు. గొంతు పెంచలేదు. నేను ఏమీ అనలేకపోయాను. తర్వాతి వారం షిఫ్టుల పట్టికలో నన్ను రెండో షిఫ్టుకు మార్చారు. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. సాయంత్రాలు నేను ఇంట్లో ఉండాల్సిన ఏడాది అది. మార్పు కక్షతో చేశారని నేను నిరూపించలేను, బహుశా వేరే కారణమే ఉండవచ్చు. కానీ ఆ రెండూ ఒక వారం తేడాలో జరిగినప్పుడు వేరే కారణం ఎంత చెప్పినా మనసుకు ఎక్కదు.

నా మాటలు ఆయన దాకా ఎలా వెళ్లాయో తెలుసుకోవడానికి కొంత సమయం పట్టింది. ఇలాంటి సర్వేల్లో ఐదుగురి కంటే తక్కువమంది ఉన్న బృందం ఫలితాలను విడిగా చూపకూడదన్న నియమం సాధారణంగా పెట్టుకుంటారు. మా సంస్థా పెట్టుకుంది. మేము నలుగురమే కనుక మా మార్కులను మిగతా జిల్లాలతో కలిపేశారు. డిసెంబరు సమావేశంలో చూపించిన ఆకుపచ్చ పట్టీల్లో మేము ఎక్కడున్నామో మాకే తెలియలేదు. కానీ ఆ నియమం మార్కులకే వర్తించింది. పెట్టెలో రాసిన వ్యాఖ్యలను మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా, పక్కన చోటు పేరుతో సహా, ఒక పట్టికగా చేసి సంబంధిత మేనేజర్లందరికీ పంపించారు. ఇందులో దురుద్దేశం ఉందని నేను అనుకోను. పెద్ద అంతస్తుల కోసం తయారైన యంత్రంలో నలుగురున్న గదిని వేశారు. మార్కులు పోయాయి, మాటలు మిగిలాయి.

అప్పుడు హెచ్‌ఆర్ విభాగానికి ఉత్తరం రాశాను. మేనేజరు మీద ఫిర్యాదు చేయమని కొందరన్నారు. ఆయన అన్న ఒక్క మాట ఫోనులో, సాక్షి లేకుండా అన్నది. దాని మీద నిలబడితే వాదన అంతా మా ఇద్దరి మధ్య మిగిలిపోతుంది. అందుకని సర్వే నడిపిన తీరు గురించే రాశాను. అజ్ఞాతమని మాట ఇచ్చి నా చోటూ, నా మాటలూ కలిపి పంపించారని, ముగ్గురు విలేకరులను అసలు అడగలేదని, ప్రశ్నలు తెలుగులో లేవని. ఉత్తరం పంపిన రాత్రి ఒక ఆలోచన వచ్చి నవ్వుకున్నాను. 2021 ఐటీ నియమాల ప్రకారం మా వెబ్‌సైటులో వచ్చిన వార్త మీద ఏ పాఠకుడైనా ఫిర్యాదు చేస్తే, ఫిర్యాదుల అధికారి పదిహేను రోజుల్లో తేల్చాలి. ఆ అధికారి పేరు సైటు అడుగున ఉంటుంది కూడా. ఆ వార్త రాసినవాళ్ల ఫిర్యాదుకు అలాంటి గడువు ఏదీ లేదు. నాకు జవాబు ఇరవై ఆరో రోజున వచ్చింది.

జవాబు ఒక మనిషి రూపంలో వచ్చింది. సంక్రాంతి తర్వాత, జనవరి మూడో వారంలో, హెచ్‌ఆర్ నుంచి యాభై ఏళ్లు పైబడిన ఒకావిడ ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రైల్లో వచ్చి తెల్లవారుజామున ఆమదాలవలసలో దిగారు. పూర్వం ఒక పత్రిక సిబ్బంది విభాగంలో పనిచేశారట. రెండు రోజులున్నారు. ఆవిడ కోరిక మీదే ముగ్గురు విలేకరులకూ కబురు పెట్టాం. వాళ్ల ప్రయాణ ఖర్చు తాను ఇప్పిస్తానన్నారు, ఇప్పించారు. మేనేజరును రానివ్వలేదు.

ఆవిడ పని చేసిన విధానం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో తేడా వచ్చింది అక్కడే. లాప్‌టాప్ తెరవలేదు. ఒక రూళ్ల పుస్తకం తీసి, "నిన్న పొద్దున్న లేవగానే ఫోనులో మొదట ఏం చూశారు?" అని ఒక్కొక్కరినీ అడిగారు. అక్కడి నుంచి రోజు మొత్తం చెప్పించారు. ఏ గంటకు ఎవరు ఫోను చేశారు, ఎంత రాశారు, అన్నం ఎప్పుడు తిన్నారు, రాత్రి పది తర్వాత గ్రూపులో ఎన్ని సందేశాలు వచ్చాయి. అభిప్రాయం అడిగితే మధ్య గడి కొట్టే మా వీడియో ఎడిటరు, రోజు గురించి అడిగితే ముప్పావుగంట మాట్లాడాడు. రాత్రి పదకొండున్నరకు థంబ్‌నెయిల్ మార్చమని వచ్చే సందేశాల వల్ల ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నానని, చూసి కూడా జవాబివ్వలేదన్నది తెలియకుండా ఉండడానికి వాట్సాప్‌లో నీలం గీతలు ఆపేసుకున్నానని చెప్పాడు. సంస్థ అంటే ప్రాణమిచ్చే కుర్రవాడే ఇది చెప్పింది. అతనితో రెండేళ్లుగా పక్క కుర్చీలో కూర్చున్న నాకు ఈ సంగతి తెలియదు.

విజయనగరం విలేకరి రైలు ప్రమాదం రాత్రి సంగతి చెప్పాడు. నాలుగు గంటలు అక్కడే నిలబడి, మర్నాడు మధ్యాహ్నం దాకా తిండి లేకుండా పనిచేసి, నెలాఖరు బిల్లులో ఆ రాత్రిని ఎన్ని ఐటెంలుగా లెక్క వేయాలో తెలియక మూడు అని రాసుకున్నాడట. ఆవిడ కలం ఆపి, "మూడా?" అన్నారు. అతను "అవునండి, సైట్లో మూడే ఎక్కాయి" అన్నాడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

రెండో రోజు సాయంత్రం ఆవిడ తన పుస్తకంలో రాసుకున్నదంతా పేర్లతో సహా మాకు చదివి వినిపించారు. ఏ మాట పైకి వెళ్లకూడదో ఎవరికి వారు చెప్పవచ్చన్నారు. కుర్ర సబ్ ఎడిటరు తాను వెళ్లిపోదామనుకుంటున్న సంగతి కొట్టేయించుకున్నాడు. పెద్దాయన ఏమీ కొట్టించలేదు. పైగా ఒక వాక్యం చేర్పించారు. నా వంతు వచ్చినప్పుడు, శవాల లెక్క అన్న మాట కింద నా పేరు ఉంచమన్నాను. దాచిన పేరు ఎలాగూ బయటపడింది. బయటపడిన పేరుకైతే నేనే జవాబుదారీ కదా. ఆవిడ నా వైపు చూసి, "సర్వే మీద నమ్మకం పోయినట్టుంది" అన్నారు. పోయిందన్నాను. తమ ఆఫీసులో కొందరు అజ్ఞాతం ఉంటేనే నోరు విప్పుతారని, ముఖ్యంగా ఆడపిల్లలని ఆవిడ అన్నారు. ఆ మాట నిజమే. లైంగిక వేధింపుల వంటి విషయంలో పేరు చెప్పమనడం అన్యాయం. దానికి 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉండాలి, పదిమంది కంటే తక్కువున్న చోట జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. మా నలుగురికీ ముగ్గురికీ ఆ కమిటీ సంగతి ఎవరూ చెప్పలేదని అప్పుడే తేలింది. ఆవిడ అదీ రాసుకున్నారు. ఆ వివరాల కాగితం ఇప్పుడు మా గదిలో గోడ మీద ఉంది.

ఫిబ్రవరి నుంచి కొన్ని మారాయి. రాత్రి పది తర్వాత గ్రూపులో పని సందేశాలు ఆపారు. అత్యవసరానికి వంతులవారీగా ఒక్కరే ఫోను ఎత్తాలి, ఎత్తినవారికి మర్నాడు సెలవు. దానికి మొదటి పరీక్ష ఫిబ్రవరి 16 రథసప్తమి. అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే సేవలు మొదలవుతాయి కనుక ఆ రాత్రి వంతు పెద్దాయన అడిగి తీసుకున్నారు, మర్నాడు నిజంగానే రాలేదు. ప్రమాదాల్లో మృతుల సంఖ్య ఎవరు చెప్పారో వాక్యంలోనే రాయాలని, సరిచేస్తే పేజీ అడుగున సమయంతో పాటు ఆ సంగతి పెట్టాలని అన్ని డెస్కులకూ ఉత్తర్వు వచ్చింది. మా మీద నవ్విన విషయం ఎవరికి చేరిందో తెలియదు గానీ, మనుషుల మాటలను కొటేషన్లలో దిద్దడం కాస్త తగ్గింది.

కొన్ని మారలేదు. ర్యాంకులు సమావేశంలో చదవడం మానేశారు కానీ ఆ పట్టిక ప్రతి సోమవారం ఈమెయిల్లో వస్తూనే ఉంది. పన్నెండు ఐటెంలను తొమ్మిదికి తగ్గించి, మూడు నెలల తర్వాత పదకొండు చేశారు. ముగ్గురు విలేకరుల్లో విజయనగరం అతన్ని ఏప్రిల్ నుంచి జీతాల పట్టికలోకి తీసుకున్నారు. పలాస విలేకరి ఎదురుచూసి విశాఖలో వేరే కొలువులో చేరాడు. ఇచ్ఛాపురం ఆయన ఇప్పటికీ బిల్లులే పెడుతున్నారు. మేనేజరు మారలేదు. నాతో మునుపటి కంటే మర్యాదగా మాట్లాడతారు, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడరు. షిఫ్టు మాత్రం మా అమ్మాయి పరీక్షలకు రెండు వారాల ముందు వెనక్కి మార్చారు.

2024 నవంబరులో మళ్లీ లింకు వచ్చింది. ఈసారి ప్రశ్నలు తెలుగులో ఉన్నాయి. చోటు పేరు బదులు "జిల్లాల బృందం" అన్న ఒక్క గడి ఉంది. విలేకరులకు లింకు వచ్చిందా అని ఇచ్ఛాపురానికి ఫోను చేసి కనుక్కున్నాను. రాలేదట. చివర ఉన్న వ్యాఖ్యల పెట్టెలో మొదటి వరుసలో నా పేరూ, డెస్కు పేరూ రాసి, ఆ కిందే ఆయన పంపిన పదకొండు నెలల బిల్లుల్లో ఎన్ని ఎంత ఆలస్యంగా చెల్లించారో తేదీలతో రాశాను. పెట్టెలో ఐదువందల అక్షరాలకు మించి పట్టలేదు. మిగిలిన నెలలు ఈమెయిల్లో పంపించాను.